తోటంతా ఒక్కరోజులో పీకించకండి

ప్రశ్న: మా నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. నూజివీడు దగ్గర రెండెకరాల మామిడితోట నా వాటాకు వచ్చింది. నాన్న ఆరోగ్యం పాడైనప్పటి నుంచి, అంటే దాదాపు పదేళ్ళుగా, దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఏటా పూత మీద ఒక వ్యాపారికి ఇచ్చేస్తున్నాం. ఒకప్పుడు 54 చెట్లు ఉండేవి, ఇప్పుడు 45 మిగిలాయి. బంగినపల్లి ఎక్కువ, కొన్ని చిన్నరసాలు, కొన్ని కలెక్టరు. కొన్ని సగం ఎండాయి. కొన్ని ఎత్తుగా పెరిగిపోయి పైన ఎక్కడో నాలుగు కాయలు కాస్తున్నాయి. గట్ల మీద రెండు సపోటాలు, నాలుగు జామలు, మూడు నిమ్మచెట్లు ఉన్నాయి. బావి పక్కన ఒక నాటుమామిడి ఉంది. దాని పండంటే నాన్నకు ప్రాణం, ఆ రకానికి పేరు కూడా లేదు. ఇప్పుడు అదీ ఒకవైపు ఎండిపోతోంది. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, నెలకోసారి వెళ్ళగలను. బోరు ఉంది గానీ వేసవిలో నీళ్ళు తగ్గిపోతాయి. మా బాబాయి పొక్లెయిన్ పెట్టి అన్నీ పీకించి ఆయిల్‌పామ్ వేయమంటున్నారు. నాకు మామిడే ఉంచాలనుంది. పాతవన్నీ తీసేసి కొత్త అంటుమొక్కలు పెట్టాలా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

అమ్మా,

ముందు ఆ పొక్లెయిన్‌ను ఆపండి. మీ బాబాయిగారు మీ మంచి కోరే చెప్పి ఉంటారు. ఏలూరు జిల్లాలో ఎటు చూసినా ఆయిల్‌పామ్ కనిపిస్తుంటే ఎవరికైనా ఆ ఆలోచన రావడం సహజం. కానీ కాపుకొచ్చిన ఆయిల్‌పామ్ చెట్టు వేసవిలో రోజుకు 200 లీటర్ల దాకా నీళ్ళు తాగుతుంది. ఎకరానికి 57 చెట్లు పడతాయి. మీ రెండెకరాలకు లెక్క కడితే రోజుకు 20 వేల లీటర్ల పైమాటే. వేసవిలో తగ్గిపోయే బోరును నమ్ముకుని ఆ పనికి దిగకూడదు. మీ పాత మామిడిచెట్లు ఈ పదేళ్ళూ ఎవరూ నీళ్ళు పెట్టకపోయినా వానతోనే బతికాయి. వాటి వేళ్ళు అంత లోతుకు దిగి ఉన్నాయి. పీకేసిన మర్నాడు ఆ వేళ్ళను ఎంత డబ్బు పోసినా తెచ్చుకోలేం.

అలాగని అన్నీ ఉంచేయమనీ చెప్పను. తోట మొత్తానికి ఒకే జవాబు లేదు. 45 చెట్లకు 45 జవాబులు ఉంటాయి, వాటిని మీరే చెట్టు చెట్టు దగ్గరికీ వెళ్ళి తెచ్చుకోవాలి. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు ఒక పూట దానికే పెట్టుకోండి. సున్నంతో గానీ పెయింటుతో గానీ ప్రతి చెట్టుకూ నంబరు వేయండి. ఒక నోటుబుక్కు, ఒక కొడవలి, తోట తెలిసిన మనిషి ఒకరు తోడుంటే చాలు.

చెట్టు దగ్గరికి వెళ్ళగానే పైకి చూడకండి, కిందకు చూడండి. మొదట్లో రంపపు పొట్టులాంటి పొడి రాలి ఉందా? కాండం మీద ఎక్కడైనా రంధ్రం ఉండి, దానికింద ఆ పొట్టు జిగురుతో కలిసి అంటుకుని ఉందా? ఉంటే లోపల కాండం తొలిచే పురుగు ఉన్నట్టే. కొడవలి వెనకవైపుతో కాండం చుట్టూ కొట్టుకుంటూ రండి. గట్టి కలప ఒకలా పలుకుతుంది, డొల్ల ఒకలా పలుకుతుంది, రెండు చెట్లు కొట్టేసరికి మీ చెవికే తెలిసిపోతుంది. తర్వాత ఎండిందనుకున్న కొమ్మ బెరడును బొటనవేలి గోటితో కొంచెం గీరండి. కింద పచ్చగా, తడిగా ఉంటే అది బతికే ఉంది. గోధుమరంగులో పొడిపొడిగా ఉంటే పోయినట్టే. అక్కడి నుంచి కిందకు గీరుకుంటూ వస్తే పచ్చదనం ఎక్కడ మొదలవుతుందో దొరుకుతుంది. అప్పుడు పైకి చూడండి. మామిడి ఆకు కాని ఆకుతో గుబురుగా ఏదైనా కనిపిస్తే అది బదనిక, చెట్టు రసం తాగి బతికే మొక్క. వదిలేసిన తోటల్లో దాదాపు ప్రతిచోటా ఉంటుంది.

ఇలా చూస్తే మీ చెట్లు మూడు రకాలుగా తేలతాయి. మొదటివి ఆకలితో ఉన్నవి, అంటే కాండం గట్టిగానే ఉండి ఆకు చిన్నదై, కాపు తగ్గినవి. రెండోవి ఎత్తుగా పెరిగి, కొమ్మలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినవి. మూడోవి నిజంగా పోయినవి, అంటే కాండం చుట్టూ సగానికి పైగా బెరడు చచ్చినవి, మొదలే డొల్లగా మోగేవి. ఈ మూడో రకాన్నే తీసేయాలి. మీరు రాసినదాన్ని బట్టి అవి పది పన్నెండుకు మించవని నా అంచనా. మామిడి వందేళ్ళు దాటి కూడా బతుకుతుంది. కాపు తగ్గింది కదా అని ముసలిదైపోయిందని రాసేస్తే ఆ చెట్టుకు అన్యాయం చేసినట్టే.

ఆకలి చెట్లకు పెద్ద వైద్యం అక్కర్లేదు. బదనికను పైపైన కోస్తే మళ్ళీ వస్తుంది, అది అతుక్కున్న చోటుకు కింద కొమ్మతో సహా తీయించండి. పురుగు రంధ్రం ఉంటే ఇనుపతీగ దూర్చి పురుగును లాగించి, పెట్రోలులో ముంచిన దూది పెట్టి, బంకమట్టితో మూసేయాలి. ఎండుపుల్లలన్నీ తీసి తోట బయటికి పంపాలి. తొలకరికి చెట్ల మధ్య పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము గానీ జీలుగ గానీ చల్లించి, పూతకు వచ్చాక కలియదున్నించండి. లోతుగా మాత్రం దున్నించకండి, చెట్టుకు తిండి తెచ్చే సన్నవేళ్ళన్నీ పైనే ఉంటాయి. ఎరువు విషయంలో చాలామంది చేసే తప్పు ఒకటుంది, కాండం మొదట్లో పోసి వచ్చేస్తారు. అక్కడ ఉండేవి చెట్టును నిలబెట్టే లావు వేళ్ళు. మధ్యాహ్నం పూట చెట్టు నీడ అంచు ఎక్కడ పడుతుందో అక్కడ చుట్టూ జానెడు లోతు పాదు తీసి వేయాలి. పదేళ్ళు దాటిన మామిడికి ఏడాదికి నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కో కిలో చొప్పున ఇవ్వాలి. సంచుల లెక్కలో చెప్పాలంటే యూరియా రెండు కిలోల పైన, సూపర్ ఫాస్ఫేట్ ఆరు కిలోల పైన, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కిలోన్నర పైన. దాంతోపాటు పశువుల ఎరువు 50 కిలోలు. పదేళ్ళు పస్తున్న చెట్టుకు ఇదంతా ఒక్కసారి పోయకుండా, వానల మొదట్లో సగం, వానలు తగ్గే ముందు సగం ఇప్పించండి.

మీ తోటకు ఆకలితో పాటు ఇంకో కారణం ఉండవచ్చు. తోటను పూత మీద కొనుక్కునే వ్యాపారికి ఆ ఏటి కాయే లెక్క, చెట్టు ఆరోగ్యం అతని లెక్కలోకి రాదు. కాపు తప్పకుండా రావాలని కొందరు ఏటేటా పాక్లోబ్యూట్రజాల్ మోతాదు మించి మొదట్లో పోయిస్తారు. అది ఎదుగుదలను ఆపి పూత తెప్పించే మందు. అదే పనిగా వాడితే కొమ్మల చివర కణుపులు దగ్గరపడి, ఆకులు గుత్తిగా ముడుచుకుపోతాయి. మీ చెట్లలో ఆ గుర్తు కనిపిస్తే కనీసం రెండేళ్ళు తోటను ఎవరికీ ఇవ్వకండి. ఆ రెండేళ్ళ కౌలు డబ్బు పోయినా, చెట్లు తేరుకుంటాయి.

రెండో రకం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, నేను దెబ్బతిన్నది అక్కడే. ముసునూరు వైపు మాకో చిన్న తోట ఉంది. పెరిగిపోయిన చెట్లను మోకాళ్ళ దాకా నరికితే మళ్ళీ కుర్రచెట్లలా చిగురిస్తాయని ఎవరో చెప్పగా విని, ఒక ఏప్రిల్‌లో తొమ్మిది చెట్లను ఒకేసారి పైనుంచి కొట్టించేశాను. నలభై ఏళ్ళుగా నీడలో ఉన్న బెరడు మీద ఒక్కసారిగా ఎండ పడింది. నెల తిరిగేసరికి నిలువునా పగుళ్ళు వచ్చాయి, ఆ పగుళ్ళలో పురుగు చేరింది. ఆరు చెట్లు పోయాయి. మిగిలిన మూడింటి నిండా చీపురుకట్టలా చిగుళ్ళు వచ్చాయి, వాటిని పలచన చేయాలని అప్పుడు నాకు తెలియదు. ఆ ఆరు మొద్దులను చూసినప్పుడల్లా ఇప్పటికీ కడుపులో దేవినట్టే ఉంటుంది. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

పద్ధతి తప్పు కాదు, నేను చేసిన తీరు తప్పు. చెట్టును మూడేళ్ళలో దించాలి. మొదటి ఏడు నడిమధ్యన నిటారుగా పోయిన పెద్దకొమ్మను మాత్రం తీయించండి. దాంతో లోపలికి వెలుతురు పడుతుంది, పక్కకొమ్మలు ఆ ఏడు కూడా ఎంతోకొంత కాస్తాయి. మిగిలిన ఎత్తుకొమ్మలను సగం రెండో ఏడు, సగం మూడో ఏడు, నేల నుంచి పది పన్నెండు అడుగుల ఎత్తులో కోయించాలి. ఎండాకాలం, ముసురు పట్టిన రోజులు రెండూ పనికిరావు. మీ నేలకు ఏ నెల సరిపోతుందో నూజివీడులోని మామిడి పరిశోధన కేంద్రం వాళ్ళను అడిగి ఖాయం చేసుకోండి. లావుకొమ్మను పైనుంచి ఒకే కోతగా కోస్తే సగంలో విరిగి కింది బెరడంతా చీల్చుకుంటూ పోతుంది. ముందు కిందివైపు మూడో వంతు కోసి, తర్వాత పైనుంచి కోయమనండి. కోసిన రోజే ఆ గాయానికి తెగులు సోకకుండా బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం అయిదు లీటర్ల నీళ్ళలో, కిలో సున్నం ఇంకో అయిదు లీటర్లలో విడిగా కరిగించి కలుపుకోవాలి. ఇనపబకెట్టు వాడకండి, ప్లాస్టిక్ మంచిది. ఆ తర్వాత వచ్చే చిగుళ్ళలో కొమ్మకు ఆరేడు మాత్రమే, బయటివైపు వంగినవి చూసి ఉంచి మిగిలినవి తుంచేయాలి. ఈ తుంచడం చేయించలేకపోతే అసలు కొమ్మ కొట్టించకపోవడమే మేలు.

ఇక కొత్త మొక్కలు. మొదట ఎక్కడ పెట్టకూడదో చెబుతాను. చుట్టూ నాలుగు పెద్దచెట్లు ఉండి నడుమ ఒక్కటే ఖాళీ ఉంటే అక్కడ మామిడి పెట్టకండి. ఎండ చాలదు, వేళ్ళ పోటీ తట్టుకోలేదు, పదేళ్ళయినా సన్నగా కర్రలా నిలబడి ఉంటుంది. పోయిన తొమ్మిది, తీయబోయే పది పన్నెండు మీ నోటుబుక్కులో నంబర్ల వారీగా గీసుకుంటే, మూడు నాలుగు ఖాళీలు ఒకేచోట కలిసిన మూలలు దొరుకుతాయి. కొత్తవి అక్కడే పెట్టాలి. మధ్యలో ఏదైనా సగంబాగున్న చెట్టు అడ్డొస్తే, ఆ మూల కోసం దాన్ని వదులుకోవచ్చు. అక్కడ పాత 40 అడుగుల దూరం అవసరం లేదు. 20 అడుగులకు ఒకటి చొప్పున పెట్టి, ఏటా కాయకోత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తూ పొట్టిగానే ఉంచుకోవచ్చు.

పాతచెట్టు పీకిన గుంటలోనే కొత్తమొక్క పెట్టకండి. కుళ్ళుతున్న వేళ్ళకు చెద వస్తుంది, అది లేతమొక్కను వదలదు. నాలుగైదు అడుగులు జరిపి, వేసవిలోనే మూడడుగుల గుంట తీయించి ఎండకు వదలాలి. పైమట్టిలో 50 కిలోల పశువుల ఎరువు, రెండు కిలోల సూపర్ ఫాస్ఫేట్, కొంత వేపపిండి కలిపి నింపి, వానలు పడ్డాక నాటాలి. అంటు అతుకు నేలకు జానెడు పైన ఉండాలి. అతుకు కింద నుంచి వచ్చే చిగురు ఎంత బలంగా ఉన్నా తుంచేయండి, అది అంటు కట్టడానికి అడుగున వాడిన టెంకమొక్క చిగురు. వదిలేస్తే పైనున్న మంచిరకాన్ని అణిచేసి తనే చెట్టవుతుంది. మొదటి మూడేళ్ళు పూత వచ్చినా తీసేయాలి.

మొక్కలు కొనేటప్పుడు తొందరపడకండి. నాకు తెలిసిన ఒకాయన బంగినపల్లి అని ఒక నర్సరీ నుంచి తెచ్చి నాటితే, అయిదో ఏట సగం చెట్లకు కలెక్టరు కాయ కాసింది. అయిదేళ్ళ నీళ్ళు, అయిదేళ్ళ కూలి, ఆయనకు ఎవరు తిరిగిస్తారు? తల్లిచెట్టు చూపించగలిగిన చోట, రకం పేరు రాసిన బిల్లుతో కొనండి. పరిశోధన కేంద్రంలో దొరికితే అంతకంటే కావలసింది లేదు. అన్నీ ఒకే రకం పెట్టకండి. 2025లో చిత్తూరు వైపు తోతాపురి, అంటే మన కలెక్టరు, ధర పడిపోయి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది. మీకు బంగినపల్లి ఇప్పటికే ఉంది కాబట్టి కొత్తవాటిలో చిన్నరసం, సువర్ణరేఖ, హిమాయత్ కొన్ని కొన్ని పెట్టుకోవచ్చు.

ఎన్ని పెట్టాలన్నది మాత్రం భూమిని బట్టి తేల్చకండి. మీరు నెలకోసారి వెళ్ళగలనన్నారు. పాతచెట్టు మీ కోసం నెల ఆగుతుంది. కొత్తమొక్క మొదటి రెండు వేసవులూ వారం కూడా ఆగదు. మూడు నాలుగు రోజులకోసారి నీళ్ళు పెట్టి, తాటాకు నీడ కట్టి, మేకలు రాకుండా చూసే మనిషి ఊళ్ళో ఉండాలి. ఆ మనిషి ఎన్ని మొక్కలు చూడగలడో అన్నే పెట్టండి. ఏడాదికి ఎనిమిది అయితే ఎనిమిదే. అరవై పెట్టి యాభై ఎండబెట్టుకున్నవాళ్ళు మళ్ళీ ఆ తోట ముఖం చూడరు, నేను చూశాను.

గట్ల మీద సపోటాలను కదిలించకండి, ఎండుపుల్లలు తీయిస్తే చాలు. జామను నడుమెత్తున కోయిస్తే ఏడాది తిరిగేసరికి మళ్ళీ కాస్తుంది. నిమ్మ కొనల నుంచి ఎండుతూ ఉంటే తీసేయండి, అదే చోట మళ్ళీ నిమ్మ, బత్తాయి పెట్టకండి. తీసేసిన మామిడి కలపను చెట్టుకింత అని గుత్తగా అమ్మకుండా టన్నుల తూకానికి అమ్మండి. నరికే ముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలేమో గ్రామ సచివాలయంలో అడగండి, భూమి రికార్డులైన 1బి, అడంగల్ మీ పేరుకు మారాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. గట్టు పక్కన మొక్క పెట్టే ముందు హద్దులు కొలిపించుకుంటే రేపు పక్కపొలం వాళ్ళతో మాట రాదు.

చివరికి మీ నాన్నగారి నాటుమామిడి. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది అదే. మిగిలిన 44 చెట్లలో ఏది పోయినా డబ్బిచ్చి అదే రకం తెచ్చుకోవచ్చు. దీన్ని ఏ నర్సరీ ఇవ్వలేదు, దీనికి పేరే లేదు. టెంక నాటితే వస్తుందనుకోకండి. మన మామిడిలో టెంక నుంచి వచ్చే మొక్క తల్లిలా ఉండదు, ఏ పండు కాస్తుందో కాసేదాకా తెలియదు. పుల్ల తీసి అంటు కడితేనే అదే పండు, అదే రుచి మళ్ళీ వస్తుంది. ఆ చెట్టు ఒకవైపు ఎండుతోందన్నారు కాబట్టి మిగిలిన పనులన్నీ వచ్చే ఏడాదికి వాయిదా వేసినా ఇది ఈ వానల్లోనే జరగాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా అంటు బాగా పట్టే కాలం.

బతికున్న వైపు, ఎండ తగిలే చోట, ఈ ఏడు పూయని కొమ్మలు చూడండి. చివర మూడు నాలుగు నెలల వయసున్న పుల్ల, పెన్సిలంత లావుది కావాలి. దాని ఆకులను తొడిమ మాత్రం ఉండేలా తుంచేసి చెట్టు మీదే వదలాలి. వారం పది రోజుల్లో తొడిమలు వాటంతట అవే రాలి, చివరి మొగ్గ ఉబ్బుతుంది. అప్పుడు కోసి, తడిగుడ్డలో చుట్టి, అదే రోజు టెంకమొక్కల మీద కట్టించాలి. అన్నీ పట్టవు కాబట్టి పదిహేను ఇరవై పుల్లలకు తక్కువ కాకుండా తీయండి. పట్టినవాటిలో రెండు బావి దగ్గర, ఒకటి ఊళ్ళో ఎవరైనా దగ్గరివాళ్ళ పెరట్లో పెట్టించండి, ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటుంది. వచ్చే ఏడాది కొమ్మ కొట్టిన కలెక్టరు చెట్టు చిగుళ్ళ మీద కూడా ఇదే పుల్ల కట్టించవచ్చు. పెద్దచెట్టు వేళ్ళ బలం ఉంటుంది కాబట్టి ఆ కొమ్మ కొత్తమొక్క కంటే ముందే కాస్తుంది.

దీనికోసం ఈ నెల మాత్రం మీరు రెండుసార్లు వెళ్ళాలి. ఒక శనివారం వెళ్ళి ఆకులు తుంచి, పుల్లలకు ఎర్రగుడ్డ ముక్కలు కట్టి రండి. పై వారం ఆదివారానికి మొగ్గ సిద్ధంగా ఉంటుంది. నూజివీడు చుట్టుపక్కల అంటుకట్టే పనివాళ్ళకు వానాకాలంలో ఊపిరి సలపదు కాబట్టి, ఆ ఆదివారానికి మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. టెంకమొక్కలు ఇరవై అతన్నే తెమ్మనండి.